కెప్టెన్‌గా అట్టర్ ఫ్లాప్.. రిటైరయ్యాక రేడియోలో కామెంట్రీ.. మన విజయనగరం 'విజ్జీ' స్టోరీ తెలుసా?

టీమిండియా టెస్ట్ కెప్టెన్ల లిస్ట్ చూస్తే మొదటి పేరు సీకే నాయుడు. మూలాలు మచిలీపట్నం. రెండో పేరు విజయనగరం రాజకుమారుడు విజ్జీ. అంటే భారత్ మొదటి ఇద్దరు టెస్ట్ కెప్టెన్లూ మన తెలుగు మూలాలున్న వాళ్లే! మొదటాయన్ని క్రికెట్ ప్రపంచం ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటుంది. మరి రెండో ఆయన? టెస్ట్ క్రికెట్‌లోనే అత్యంత చెత్త కెప్టెన్ ఎవరు అన్న చర్చ వస్తే, ఆయన పేరు తప్పకుండా వినిపిస్తుంది.

అయితే ఆయన కథ అక్కడితో అయిపోలేదు. బ్యాట్ పక్కన పెట్టాక ఆయన మైక్ పట్టుకున్నారు. ఆలిండియా రేడియో నుంచి బీబీసీ దాకా వెళ్లారు. తను అవమానించిన వాళ్లనే మళ్లీ పిలిచి పెద్ద పీట వేశారు. అసలు ఎవరీ విజ్జీ? 1936లో ఇంగ్లండ్‌లో ఏం జరిగింది? ఓసారి చూద్దాం.

కోట నుంచి కాశీకి..

విజ్జీ అసలు పేరు పూసపాటి విజయానంద గజపతి రాజు. 1905 డిసెంబర్ 28న పుట్టారు. విజయనగరం సంస్థానాధీశుడు విజయరామ గజపతి రాజుకు రెండో కుమారుడు. అందుకే గద్దె అన్నకు వెళ్లింది. తమ్ముడికి మహారాజ్‌కుమార్ అన్న బిరుదు మిగిలింది. క్రికెట్ స్కోర్ బుక్కుల్లో కూడా ఆయన పేరు అలాగే ఉంటుంది.

అజ్మీర్‌లో రాజుల పిల్లలు చదివే మేయో కాలేజీలో చదివారు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లారు. తండ్రి పోయాక కాశీలో ఉన్న కుటుంబ ఎస్టేట్‌లో స్థిరపడ్డారు. టెన్నిస్ బాగా ఆడేవారు. వేట అంటే ప్రాణం. 300కు పైగా పులులను చంపానని గొప్పగా చెప్పుకునేవారు. అప్పట్లో రాజులకు అది హోదా. ఇప్పుడైతే జైలు!

కానీ ఆయన మనసంతా క్రికెట్ మీదే. 1926లో సొంత టీమ్ పెట్టారు. కాశీ ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండ్ కట్టించారు. దేశంలో మంచి ఆటగాడు ఎవరున్నా పిలిపించి ఆడించేవారు. తర్వాతి కాలంలో దేశాన్ని ఊపేసిన ఓపెనర్ ముస్తాక్ అలీ స్కూల్ కుర్రాడిగా ఉన్నప్పుడే గుర్తించి కాశీకి తీసుకొచ్చారు. టాలెంట్‌ను పసిగట్టే కన్ను ఆయనకు ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

జాక్ హాబ్స్‌నే రప్పించారు!

1930-31లో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ టీమ్ మన దేశానికి రావాలి. కానీ అప్పుడు దేశమంతా శాసనోల్లంఘన ఉద్యమం నడుస్తోంది. దాంతో టూర్ రద్దయింది. క్రికెట్ అభిమానులు నిరాశపడ్డారు. సరిగ్గా అప్పుడే విజ్జీ రంగంలోకి దిగారు. వాళ్లు రాకపోతే ఏంటి, నేనే టీమ్ దింపుతా అన్నట్టు సొంత ఖర్చుతో ఓ జట్టును తయారుచేసి దేశమంతా, సిలోన్ కూడా తిప్పారు.

ఆ జట్టులో ఎవరున్నారో తెలుసా? ఇంగ్లండ్ ఓపెనింగ్ జోడీ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. ఆ రోజుల్లో ప్రపంచంలో అంతకు మించిన ఓపెనర్లు లేరు. హాబ్స్ అంతకుముందు చాలాసార్లు ఇండియా రమ్మంటే రానన్న మనిషి. అలాంటి ఆయన్ని విజ్జీ ఒప్పించారు. కొన్నేళ్లకు వెస్టిండీస్ స్టార్ లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడా తీసుకొచ్చారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే.. ఐపీఎల్ పుట్టడానికి 70 ఏళ్లకు పైగా ముందే ఓ ఫ్రాంచైజీ ఓనర్ అన్నమాట!

అయితే ఓనర్‌గా ఉంటే సరిపోయేది. ఆయనకు కెప్టెన్ కావాలని ఉంది. అసలు సమస్య ఇక్కడే మొదలైంది.

ఇద్దరు రాజుల పోటీ.. మధ్యలో క్రికెట్

అప్పట్లో భారత క్రికెట్ అంటే రాజుల జేబులో డబ్బు. పటియాలా మహారాజు ఒకవైపు, విజ్జీ మరోవైపు. ఒకరు కప్పు ఇస్తానంటే ఇంకొకరు బంగారు కప్పు ఇస్తానంటారు. జాతీయ టోర్నీకి వైస్రాయ్ విల్లింగ్డన్ పేరు మీద ట్రోఫీ పెట్టాలని విజ్జీ గట్టిగా ప్రయత్నించారు. చివరికి పటియాలా వారి రంజీ ట్రోఫీనే నిలబడింది. ఈ రోజు మనం చూస్తున్న రంజీ ట్రోఫీ పేరు వెనుక ఇంత గొడవ ఉంది.

1932లో భారత్ మొదటిసారి టెస్ట్ ఆడటానికి ఇంగ్లండ్ వెళ్లింది. అప్పుడు విజ్జీకి డిప్యూటీ వైస్ కెప్టెన్ పదవి ఇచ్చారు. ఆరోగ్యం, ఫామ్ బాగోలేదంటూ ఆయన తప్పుకున్నారు. కెప్టెన్‌గా వెళ్లిన పోర్‌బందర్ మహారాజుకు తన ఆట సంగతి బాగా తెలుసు. అందుకే లార్డ్స్ టెస్ట్‌లో తను తప్పుకుని పగ్గాలు సీకే నాయుడికి ఇచ్చారు. అలా 1932 జూన్ 25న సీకే భారత తొలి టెస్ట్ కెప్టెన్ అయ్యారు. రాజు పక్కకు తప్పుకుంటే ఆటగాడు ముందుకొచ్చాడు.

నాలుగేళ్ల తర్వాత సీన్ రివర్స్ అయింది. 1936 ఇంగ్లండ్ టూర్‌కు మొదట పటౌడీ నవాబును కెప్టెన్ అనుకున్నారు. ఆయన అనారోగ్యంతో తప్పుకున్నారు. ఇక సీకేనే అనుకున్నారు చాలామంది. కానీ బోర్డులో ఓట్లు పడ్డాయి. లాబీయింగ్ పనిచేసింది. కెప్టెన్ కుర్చీ విజ్జీకి దక్కింది. సీకే లాంటి దిగ్గజం ఆయన కింద మామూలు ఆటగాడిగా వెళ్లాల్సి వచ్చింది.

ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న అమర్‌నాథ్..

ఆ టూర్‌లో మంచి ఫామ్‌లో ఉన్న ఆటగాడు లాలా అమర్‌నాథ్. 1933లో బొంబాయిలో ఇంగ్లండ్ మీద 118 కొట్టి, భారత్ తరఫున తొలి టెస్ట్ సెంచరీ చేసిన వీరుడు. ఇంగ్లండ్‌లో మొదటి టెస్ట్ కూడా మొదలుకాకముందే 600కు పైగా పరుగులు, 30కి పైగా వికెట్లు ఆయన ఖాతాలో ఉన్నాయి.

జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్. అమర్‌నాథ్ ప్యాడ్లు కట్టుకుని రెడీగా కూర్చున్నారు. వికెట్ పడింది. కెప్టెన్ ఇంకొకరిని పంపారు. మరో వికెట్ పడింది. మళ్లీ ఇంకొకరు. ఆట ముగియడానికి కాసేపు ఉందనగా అమర్‌నాథ్‌ను పంపారు. తిరిగొచ్చాక ఆయనకు కోపం ఆగలేదు. కిట్ విసిరికొట్టి పంజాబీలో ఏదో అన్నారు.

అంతే! క్రమశిక్షణ తప్పాడంటూ ఆయన్ని ఇంటికి పంపేయాలని కెప్టెన్ విజ్జీ, మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ నిర్ణయించారు. అమర్‌నాథ్ క్షమాపణ చెప్పినా వినలేదు. తోటి ఆటగాళ్లు బతిమాలినా లాభం లేకపోయింది. జట్టులో బెస్ట్ ఆల్‌రౌండర్ ఓడ ఎక్కి ఇండియాకు వచ్చేశారు. అదీ తొలి టెస్ట్‌కు ముందు!

దాని ఖరీదు ఎంతో లార్డ్స్ టెస్ట్ స్కోర్ కార్డు చూస్తే తెలుస్తుంది. మొదటి ఇన్నింగ్స్‌లో భారత్ 147. అమర్ సింగ్ 6 వికెట్లు పడగొట్టడంతో ఇంగ్లండ్ 134కే ఆలౌట్. అంటే లార్డ్స్‌లో ఇంగ్లండ్ మీద మనకు 13 పరుగుల లీడ్! అలాంటి మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్‌లో 93కే కుప్పకూలి, 9 వికెట్ల తేడాతో ఓడిపోయాం. అమర్‌నాథ్ ఉండి ఉంటే? ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేరు. కానీ ఆ ప్రశ్న మాత్రం విజ్జీని జీవితాంతం వదల్లేదు.

కెప్టెన్ స్కోరు.. 6 ఇన్నింగ్స్, 33 పరుగులు

మాంచెస్టర్‌లో జరిగిన రెండో టెస్ట్ మాత్రం భారత క్రికెట్‌కు పండగ. ఓపెనర్లు విజయ్ మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 కొట్టారు. ఇద్దరూ కలిసి తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ఆ మ్యాచ్ డ్రా అయింది. ముస్తాక్ అలీ ఎవరు? కాశీ గ్రౌండ్‌లో విజ్జీ పెంచిన కుర్రాడే. అయితే ఆ టెస్ట్‌లో మర్చంట్‌ను రనౌట్ చేయమని ముస్తాక్‌ను విజ్జీ పురమాయించారని, ఆయన ఆ సంగతి మర్చంట్‌కే చెప్పేయడంతో ఇద్దరూ నవ్వుకున్నారని ఓ కథ ఇప్పటికీ క్రికెట్ సర్కిల్స్‌లో తిరుగుతుంది.

ఓవల్‌లో మూడో టెస్ట్. మళ్లీ 9 వికెట్ల తేడాతో ఓటమి. ఆ మ్యాచ్‌లో సీకే నాయుడు ఏం చేశారో చెప్పుకోవాలి. గబ్బీ అలెన్ వేసిన బంతి ఎగిరొచ్చి ఆయన ఒంటికి గట్టిగా తగిలింది. ఇంకొకరైతే పెవిలియన్‌కు వెళ్లిపోయేవారు. 40 ఏళ్ల సీకే కదల్లేదు. నొప్పితోనే ఆడి 81 పరుగులు చేశారు. కెప్టెన్సీ లాక్కున్నా ఆట లాక్కోలేరని బ్యాట్‌తో చూపించారు.

మరి కెప్టెన్ సంగతి? 3 టెస్టులు, 6 ఇన్నింగ్స్, మొత్తం 33 పరుగులు. హయ్యెస్ట్ 19 నాటౌట్. సగటు 8.25. అదే ఆయన మొత్తం టెస్ట్ కెరీర్. ఓ కౌంటీ కెప్టెన్‌కు బంగారు వాచీ ఇచ్చి సులువైన బంతులు వేయించుకున్నారని కూడా అప్పట్లో చెప్పుకున్నారు. నిజమో కాదో గానీ, అలాంటి మాటలు పుట్టాయంటేనే జట్టులో ఆయన మీద గౌరవం ఎంత ఉందో అర్థమవుతుంది.

ఇంకో విచిత్రం ఏంటంటే.. ఆ టూర్ టైమ్‌లోనే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. జట్టు ఓడుతోంది, స్టార్ ఆటగాడు ఇంటికి పోయాడు, కెప్టెన్ మాత్రం సర్ విజ్జీ అయ్యారు!

కమిటీ రిపోర్ట్.. పోయిన పరువు

టీమ్ తిరిగొచ్చాక దేశంలో గగ్గోలు. బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ సర్ జాన్ బోమాంట్ ఆధ్వర్యంలో విచారణ కమిటీ వేశారు. 1937 జనవరిలో రిపోర్ట్ వచ్చింది. విజ్జీకి ఫీల్డింగ్ సెట్ చేయడం తెలియదని, బౌలర్లను ఎప్పుడు మార్చాలో తెలియదని, బ్యాటింగ్ ఆర్డర్ అంటూ ఒకటి పాటించలేదని కమిటీ తేల్చింది. అమర్‌నాథ్‌ది తప్పు కాదంది.

ఓ న్యాయమూర్తి చేత అలాంటి సర్టిఫికెట్ అందుకున్న కెప్టెన్ బహుశా ఇంకొకరు ఉండరు. విజ్జీ చాలాకాలం క్రికెట్‌లో వెనక్కి తగ్గారు. ఆయన ఇక మళ్లీ టెస్ట్ ఆడలేదు. ఆటగాడిగా ఆయన కథ ముగిసింది.

సెకండ్ ఇన్నింగ్స్ మొదలు

1947 వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వస్తున్న వేళ, విజ్జీ తన సర్ బిరుదును వదిలేసుకున్నారు. బ్రిటిష్ వాళ్ల మెప్పు కోసం వైస్రాయ్ పేరు మీద కప్పులు ఇవ్వబోయిన మనిషి చేసిన పని ఇది. రాజుల కాలం అయిపోయిందని ఆయనకు అర్థమైంది.

ఆ తర్వాత మెల్లగా క్రికెట్ పాలనలోకి తిరిగొచ్చారు. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌ను నిలబెట్టారు. దక్షిణాదిలో ఆట పెరగడానికీ పనిచేశారు. 1954లో బీసీసీఐ అధ్యక్షుడయ్యారు. 1958లో కేంద్రం పద్మభూషణ్ ఇచ్చింది.

అయితే ఈ రెండో ఇన్నింగ్స్‌లో అసలు ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. 1936లో తను ఎవరినైతే తొక్కారో, వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లారు. 1952లో పాకిస్థాన్ మొదటిసారి ఇండియాకు వచ్చినప్పుడు కెప్టెన్‌గా లాలా అమర్‌నాథ్‌ను తిరిగి తెచ్చారు. ఆ నిర్ణయం వెనుక నిలబడిన వాళ్లలో విజ్జీ కూడా ఉన్నారని చెబుతారు. ఆ సిరీస్ భారత్ 2-1తో గెలిచింది. ఇక సీకే నాయుడిని ఉత్తరప్రదేశ్ రంజీ టీమ్‌కు కెప్టెన్‌గా తీసుకొచ్చారు. 1956-57 సీజన్‌లో ఆ టీమ్‌కు ఆడేటప్పటికి సీకే వయసు 60 దాటింది. ఒకప్పుడు ఆయన కెప్టెన్సీని ఎగరేసుకుపోయిన విజ్జీ, ఇప్పుడు ఆయన్నే కెప్టెన్‌గా కూర్చోబెట్టారు.

అది పశ్చాత్తాపమా? రాజకీయమా? ఆయన మనసులో ఏముందో ఎవరికి తెలుసు. చేసిన పని మాత్రం రికార్డులో ఉంది.

మైక్ ముందు మహారాజ్‌కుమార్

ఇదే టైమ్‌లో విజ్జీకి కొత్త పిచ్చి పట్టుకుంది. అదే రేడియో కామెంట్రీ. ఇప్పుడంటే సూళ్లూరుపేట స్టేషన్‌లో చెన్నై లోకల్ కోసం నిలబడిన కుర్రాడు కూడా ఫోన్‌లో లైవ్ పెట్టేసుకుంటాడు. తెలుగు కామెంట్రీ కావాలంటే ఒక్క క్లిక్ చాలు. వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్, అంబటి రాయుడు లాంటి మాజీ ఆటగాళ్లు మన భాషలోనే చెబుతారు. 1950ల్లో అదేం లేదు. టీవీ లేదు. గ్రౌండ్‌కు వెళ్లలేని జనానికి ఉన్నదల్లా రేడియో సెట్, అందులోంచి వచ్చే ఇంగ్లీషు గొంతు. టీ కొట్టు దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో గుంపుగా చేరి వినేవారు. ఆ గొంతు ఏం చెబితే అదే మ్యాచ్.

అలాంటి గొంతుల్లో విజ్జీది ఒకటి. మాజీ కెప్టెన్, రాజవంశం, బోర్డు పెద్ద.. పైగా హాబ్స్‌తో, కాన్‌స్టంటైన్‌తో ఆడిన అనుభవం. కబుర్లకు కొదవ ఏముంటుంది? 1959లో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బీబీసీ కూడా ఆయన్ని అతిథి వ్యాఖ్యాతగా కూర్చోబెట్టింది. 23 ఏళ్ల కిందట ఏ దేశంలో కెప్టెన్‌గా పరువు పోగొట్టుకున్నారో, అదే దేశంలో ఇప్పుడు మైక్ ముందు కూర్చుని ఇండియా ఆట గురించి చెప్పారు. ఆ సిరీస్‌లో మన జట్టు ఐదుకు ఐదు టెస్టులూ ఓడిపోయింది. ఓటమి గురించి మాట్లాడటానికి ఆయన కంటే అనుభవం ఉన్నవాళ్లు ఎవరుంటారు!

అయితే ఆయన కామెంట్రీ అందరికీ నచ్చిందని చెప్పలేం. సాగదీస్తారని పేరు. దీని మీద ఓ జోక్ బాగా ఫేమస్. ఓసారి విజ్జీ తన పులుల వేట గురించి గొప్పగా చెబుతుంటే, పక్కనే ఉన్న ఓ వెస్టిండీస్ క్రికెటర్ చురక వేశాడట. అడవిలో రేడియో ఆన్ చేసి మీ కామెంట్రీ వినిపిస్తే చాలు, బోర్ కొట్టి పులులే చచ్చిపోతాయి కదా అని! ఈ మాట క్రికెట్ పుస్తకాల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

జోకులు ఎలా ఉన్నా ఒకటి మాత్రం నిజం. ఆట ఆడిన మనిషి మైక్ ముందుకు వచ్చి చెప్పడం అన్నది ఇప్పుడు మామూలు విషయం. రిటైరైన మర్నాడే కామెంట్రీ బాక్స్‌లో కనిపిస్తున్నారు. అప్పట్లో అది కొత్త. మన టెస్ట్ కెప్టెన్లలో ఆ దారిలో ముందు నడిచిన వాళ్లలో విజ్జీ ఒకరు. ఇంకో విశేషం.. సీకే నాయుడి కుమార్తె చంద్రా నాయుడు కూడా తర్వాత మైక్ పట్టారు. 1977లో ఇండోర్‌లో కామెంట్రీ చెప్పి, దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. గ్రౌండ్‌లో మొదలైన ఇద్దరు కెప్టెన్ల కథ అలా కామెంట్రీ బాక్స్ దాకా వెళ్లింది.

మళ్లీ ఉత్తరాంధ్రకు..

జీవితంలో చాలా భాగం కాశీలో గడిపినా, చివరి ఏళ్లలో విజ్జీకి సొంతగడ్డతో మళ్లీ ముడి పడింది. 1962 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచి లోక్‌సభకు వెళ్లారు. కోటలో పుట్టిన మనిషి, ఓట్లు అడిగి గెలిచారు. 1936లో బోర్డు రూమ్‌లో పడిన ఓట్లకూ, ఈ ఓట్లకూ చాలా తేడా ఉంది.

1965 డిసెంబర్ 2న కాశీలో కన్నుమూశారు. 60 ఏళ్లు నిండటానికి ఇంకా 26 రోజులే ఉంది.

ఏం మిగిలింది?

ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 47 మ్యాచ్‌లు, 1228 పరుగులు, సగటు 18.60. అంకెలు చూస్తే ఆయన టెస్ట్ ఆడాల్సిన ఆటగాడు కాదు. అది ఆయనకు చివరి వరకూ తెలిసిందో లేదో గానీ, స్కోర్ బుక్కు మాత్రం దాచిపెట్టలేదు. అమర్‌నాథ్ 1936లో పోగొట్టుకున్న టెస్టులు మళ్లీ రాలేదు. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన తర్వాతి టెస్ట్ ఆడింది 1946లో. అంటే పదేళ్లు! ఓ రోజు కోపానికి, ఓ కెప్టెన్ అహానికి పడిన శిక్ష అది. ఆ తర్వాత ఎంత పెద్ద పీట వేసినా ఆ పదేళ్లను ఎవరూ తిరిగివ్వలేరు.

మరోవైపు చూస్తే.. హాబ్స్‌ను మన గ్రౌండ్లకు తెచ్చిందీ ఆయనే, ముస్తాక్ అలీ లాంటి కుర్రాడిని గుర్తించిందీ ఆయనే. యూపీలో క్రికెట్‌కు పునాది వేసిందీ ఆయనే. యూనివర్సిటీ కుర్రాళ్లు జోన్లవారీగా తలపడే టోర్నీకి ఆయన పేరు మీద విజ్జీ ట్రోఫీ పెట్టారు. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది. అక్కడ ప్రాక్టీస్ చేసే పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు వెనుక కథ తెలుసో తెలియదు.

ఆ పిల్లలకు కథ మొత్తం చెప్పాలి. బంగారు కప్పులు, పులుల వేట, సర్ బిరుదు మాత్రమే కాదు. ప్యాడ్లు కట్టుకుని సాయంత్రం దాకా ఎదురుచూసిన అమర్‌నాథ్ గురించి, బంతి తగిలినా కదలని సీకే గురించి కూడా చెప్పాలి. అప్పుడే కెప్టెన్ అంటే ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో ఒకే కథలో తెలుస్తుంది.